జానెడు మరక

మ్యూజియంలో ఆమెను అందరూ తుడుపులమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుపడితే అక్కా అని పలకరించేవారు. ఆమెకు రెండూ తెలుసు. ముప్పై ఏళ్ళుగా పాత కాగితాల మీద దుమ్మూ బూజూ తుడవడమే ఉద్యోగమైనప్పుడు అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు? పెట్టినవాడు వెక్కిరింతకే పెట్టి ఉండవచ్చు, ఆమె మాత్రం దాన్ని బిరుదులాగే మోసింది.

ఆమె గది మెట్ల కింద ఉండేది. పొడుగాటి బల్ల, మెడ వంచే దీపం, భూతద్దం, నాలుగు మెత్తటి కుంచెలు, రబ్బరు తురుము పోసిన డబ్బా. ఎండ తగిలితే కాగితం పాడవుతుందని ఉన్న ఒక్క కిటికీకి నల్లగుడ్డ కొట్టేశారు. ఆ తురుమును కాగితం మీద చల్లి మూడు వేళ్ళతో మెల్లగా దొర్లించాలి. మురికి తురుముకు అంటుకుంటుంది, తెల్లటి తురుము బూడిదరంగుకు తిరుగుతుంది. అప్పుడు కుంచెతో ఊడ్చి, మళ్ళీ కొత్త తురుము చల్లాలి. వినడానికి ఇంతే. చేయి ఒక్క రవ్వ బరువైతే నూరేళ్ళ కాగితం పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆమె చేతిలో ఏ కాగితమూ అలా లేవలేదు.

పని నేర్పిన ముసలాయన ఆమెకు రెండు అలవాట్లు చేసిపోయాడు. ఒకటి, ఊడ్చిన తురుమును పారెయ్యకూడదు. సీసాలో పోసి, చీటీ అంటించి, పని పూర్తయిందని పైవాళ్ళు సంతకం పెట్టేదాకా అలమారాలో ఉంచాలి. రెండోది, ఏ బొమ్మనైనా తలకిందులుగా పెట్టుకునే తుడవాలి. "నిటారుగా పెట్టుకుంటే బొమ్మ కనబడుద్ది, కాగితం కనబడదు. మనకి బొమ్మతో పని లేదు" అనేవాడు ఆయన. ఆమె ముప్పై ఏళ్ళలో రాజులనూ రాణులనూ నదులనూ ఓడలనూ అన్నిటినీ తలకిందులుగానే చూసింది. గోడకెక్కాక చూద్దామంటే ఆమెకు తీరిక ఉండేది కాదు, కింద ఇంకో కాగితం ఎదురుచూస్తూ ఉండేది.

మచ్చ కనబడితే ఆమెకు అన్నం సహించదు. అది ఒక్క ఉద్యోగం వల్ల వచ్చిన గుణం కాదు, ఇంట్లోనే పుట్టింది.

ఆమెకు నాలుగేళ్ళప్పుడు ఊరి చివర క్వారీలో కొండచరియ విరిగిపడి పదకొండు మంది పోయారు. అందులో ఒకడు వాళ్ళ నాన్న. ఆయన అక్కడ మేస్త్రీ. విచారణకు వచ్చినవాళ్ళ ముందు క్వారీ ఆఫీసు ఒకటే మాట చెప్పింది: కొండ నిక్షేపంలా ఉంది, మేస్త్రీయే ఆత్రంకొద్దీ అడుగున తవ్వించాడు, పైన ఎలా ఉందో చూసుకోలేదు. పోయినవాడి మీద నేరం మోపడంలో ఒక సుఖం ఉంది, వాడు లేచి వచ్చి కాదనడు. కొండ నెత్తిన బీట పడిందని ఆయన రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళి చెప్పి వచ్చాడని భార్య మొత్తుకుంది. చెప్పాడన్నదానికి కాగితం ఉందా అని అడిగారు. ఆయనకు రాయడం రాదు. నోటిమాట నోటితోనే పోయింది.

తరువాత క్వారీ మూతపడింది. ఆ గొయ్యిలో నీళ్ళు నిండాయి. రోడ్డు పక్కన పోయినవాళ్ళ పేర్లు చెక్కి ఒక రాయి నిలబెట్టారు. దాని మీద పది పేర్లే ఉన్నాయి. పదిమందిని చంపినవాడి పేరు ఆ పదిమంది పక్కన ఎలా చెక్కుతారని మిగతా కుటుంబాలవాళ్ళు అడ్డం పడ్డారు. వాళ్ళ కడుపుమంట వాళ్ళది, వాళ్ళననడానికి లేదు. కానీ ఆ రాయి ముందునుంచి వెళ్ళాల్సి వస్తుందని ఆమె తల్లి నలభై ఎనిమిదేళ్ళుగా చుట్టుదారినే బజారుకు వెళ్తోంది. కుట్టుమిషను పెట్టుకుని బతికింది, కూతుర్ని చదివించింది. ఆ కూతురికి సంబంధాలు వచ్చినప్పుడల్లా "ఆ మేస్త్రీ కూతురా?" అని అడిగి కాఫీ సగంలోనే వదిలేసి లేచి వెళ్ళినవాళ్ళు ముగ్గురు. నాలుగోవాళ్ళను ఆమే రానివ్వలేదు.

తుడుపులమ్మకు బతుకులో ఒకటే కోరిక. పదకొండో పేరు ఆ రాయి మీదికెక్కాలి, అదీ అమ్మ కళ్ళు మూసేలోగా. రాయి బాగోగులు చూసే కమిటీకి ఆరుసార్లు అర్జీ పెట్టింది. ఆ కమిటీ కార్యదర్శి రిటైరైన బడిపంతులు, మర్యాదస్తుడు. ఆ పది పేర్లలో ఒకటి ఆయన అన్నగారిది. ఆరుసార్లూ ఒకే జవాబు చెప్పాడు: "రుజువు కాగితం ఏదైనా ఉంటే తీసుకురామ్మా, మాకేం పంతం లేదు." పొద్దున లేస్తే వేల కాగితాల మధ్య తిరిగే మనిషికి ఆ ఒక్క కాగితం దొరకలేదు.

ఆ ఏడు పెద్ద చిత్రకారుడొకాయన డెబ్బై ఏళ్ళ వయసులో పోయాడు. కొండలూ లోయలూ గీయడంలో ఆయనకు సాటి లేరని పేరు. కుర్రతనంలో ఈ ఊళ్ళోనే ఏదో చిన్న ఉద్యోగం చేశాడట, ఊరికి ఆ గొప్ప చాలు. బతికుండగా ఒక్కసారి పిలవనివాళ్ళు, పోయాక ఆయన పేరు మీద ప్రదర్శన పెట్టాలని పరుగులు తీశారు. అప్పుడు గుర్తొచ్చింది, మ్యూజియం గోదాములో ఆయన మొదటిరోజుల బొమ్మ ఒకటి పడి ఉందని. మూరెడు వెడల్పు కాగితం మీద సిరాతో గీసిన కొండ, మూలన ఆయన సంతకం. అంతా మసిబారిపోయి ఉంది.

బొమ్మల విభాగం ఆఫీసరు, తుడుపులమ్మ కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, దాన్ని తానే స్వయంగా మెట్లు దిగి తెచ్చింది.

"అక్కా, ఇది పది రోజుల్లో కావాలి. నీ చెయ్యి పడితే గాని లాభం లేదు."

"తుడవకముందు ఫొటో తీయించారా మేడం?"

"ఫొటోగ్రాఫరు సెలవులో ఉన్నాడు. మన సెక్షను కెమెరాతో తీసేద్దాం, ఏమవుద్ది."

తీశారు. మసికాగితానికి మసి ఫొటో వచ్చింది.

తుడుపులమ్మ బొమ్మను తలకిందులుగా తిప్పి పెట్టుకుని పని మొదలుపెట్టింది. గీతల్లో ఎక్కడా పెన్సిలు లేదు, అంతా నల్ల సిరా. సిరా రబ్బరుకు చెక్కుచెదరదు, కాబట్టి భయం లేదు. నాలుగు రోజుల్లో అవతలి సగం తెల్లబడింది. ఐదో రోజున తనవైపు ఉన్న అంచు దగ్గరికి వచ్చింది. అక్కడ జానెడు పొడుగున అడ్డంగా ఒక బూడిదరంగు మరక ఉంది. మిగతా మసిలాంటిది కాదు, కాస్త మెరుస్తోంది. అంచులు అలుక్కుపోయి, నడుమ చిక్కగా ఉంది. భూతద్దం పెట్టి చూసింది. బొమ్మలు గీసేవాళ్ళు కాగితాన్ని అదిమి పట్టుకునేది అంచు దగ్గరే. చెమట చెయ్యి ఆనించి ఉంటాడు, దానికి పెన్సిలు పొడి అంటుకుని ఉంటుంది. ఇలాంటివి ఆమె వందలు చూసింది. కొద్దిగా మొండికేసింది గాని, మధ్యాహ్నానికల్లా పూర్తిగా వదిలిపోయింది. పనిపుస్తకంలో రాసుకుంది: "చేతి మరక ఒకటి. జానెడు. తీసివేయడమైనది." కింద సంతకం పెట్టింది. ఆ రోజు తురుమును వేరే సీసాలో పోసి చీటీ అంటించింది.

ఆరో రోజు రెండో మూలన మసి కింద నుంచి ఒక ముద్ర తేలింది. నీలం సిరా, గుండ్రంగా ఉంది. భూతద్దంలో అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. అది క్వారీ ఆఫీసు ముద్ర. నడుమ తేదీ. కొండ కూలడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు తేదీ.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె ఒక బొమ్మను బల్ల మీద నిటారుగా తిప్పి చూసింది. కింద క్వారీ, పైన కొండ. మధ్యలో మెట్లు మెట్లుగా కోసిన రాయి. ఇప్పుడు నీళ్ళ గొయ్యి తప్ప ఏమీ లేని చోట ఒకప్పుడు నిలబడ్డ కొండ. నాన్న దీని కిందే నిలబడ్డాడు. ఆమె భూతద్దంతో కొండ శిఖరమంతా అంగుళం అంగుళం వెతికింది. ఎక్కడా బీట లేదు. నున్నగా, తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది కొండ.

ఆఫీసరు సంతోషం పట్టలేకపోయింది. "ఊరు దొరికింది, తేదీ దొరికింది. ఆయన చేసిన చిన్న ఉద్యోగం ఇదేనన్నమాట, క్వారీలో ప్లాన్లు గీయడం. ఒక్కటే లోటు అక్కా. ఆయన తరువాత గీసిన ప్రతి కొండకీ నెత్తి మీద సన్నటి నల్లగీత ఒకటి ఉంటుంది. దాని మీద పుస్తకాలు రాశారు జనం. ఈ బొమ్మలో ఇంకా ఆ గీత లేదు. అప్పటికి తట్టలేదేమో."

పుస్తకాలు రాసినవాళ్ళ సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. భూమికీ ఆకాశానికీ మధ్య ఎడబాటు అని ఒకడు, మనిషి ఒంటరితనం అని ఇంకొకడు. ఒక పెద్దమనిషి ఆ గీతకు తాత్విక భూమిక అని నలభై పేజీలు నింపాడు. ఎవడి కవిత్వం వాడిది. ఆ గీత సంగతి నేరుగా గీసిన మనిషినే అడిగి తెలుసుకుందామని మాత్రం ఎవరికీ తోచలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో.

బొమ్మ సంగతి పేపర్లో పడింది. మర్నాడే కమిటీ కార్యదర్శి మాస్టారు వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తుడుపులమ్మ పక్కనే ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చిన్న గొంతుతో అన్నాడు.

"అమ్మాయ్, నిన్ను బాధపెట్టాలని కాదు. ఐదు రోజుల ముందు గీసిన బొమ్మ. కొండ నిక్షేపంగా ఉంది. ఆఫీసువాళ్ళు చెప్పింది నిజమేననిపిస్తోంది. ఇక అర్జీలు పెట్టి నువ్వూ అలసిపోకు."

రుజువు కాగితం ఉంటే తెమ్మన్నారుగా, వచ్చింది. వచ్చి అవతలివాళ్ళ వైపు నిలబడింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి తల్లికి ఏమీ చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమెకు ఒక అనుమానం వచ్చింది. నాన్న నిజంగానే చూసుకోలేదేమో. ఆ అనుమానం వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడుక్కుంది.

ఇక మిగిలింది బొమ్మ చేతులు మారిన దారి. గోడకెక్కించే ముందు ఏ బొమ్మ ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో రాయాలి. ఆఫీసరు ఆ పని కూడా ఆమెకే అప్పగించింది. రిజిస్టరు తిరగేస్తే, ముప్పై ఏళ్ళ కిందట బజారులో పటాలు కట్టే దుకాణం నుంచి వచ్చినట్టు ఉంది. ఆ దుకాణం ఇంకా ఉంది. కొడుకు నడుపుతున్నాడు, ముసలాయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తిడుతూ ఉంటాడు.

"బాబాయ్, ఈ కొండ బొమ్మ గుర్తుందా?" అని ఫొటో చూపించింది.

ఆయన ఫొటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "గుర్తులేకేం. పదేళ్ళు నా గోడకే ఉంది. గీసినాయన పేరుకెక్కాక మీ మ్యూజియం వాళ్ళొచ్చి పట్టుకుపోయారు. సంతకం చూసి మురిసిపోయారే గాని, ఇది నాకెట్లా వచ్చిందని ఒక్కడడిగాడా? అడగడు. ముసలాడికేం తెలుసు అని."

"ఇప్పుడు నేనడుగుతున్నాగా."

"ఒకావిడ అద్దం తెచ్చింది. వెనక అట్ట ఊడిపోయింది, కొత్తది వెయ్యమంది. అట్ట దేనికి, ఇదిగో దళసరి కాగితం, ఇదే మడిచి వెనక కొట్టెయ్ అని ఈ బొమ్మ నా చేతిలో పెట్టింది. చూస్తే కొండ. బలే గీశాడు. అద్దం వెనక మేకులు కొట్టడానికి చేతులు రాలేదమ్మా. ఆవిడకి చెప్పకుండా నా అట్ట వేసి పంపి, ఇది ఉంచుకున్నా. దొంగతనమంటావా, అను."

"ఎవరావిడ?"

"పేరు తెలీదు. కుట్టుమిషనావిడ అనేవాళ్ళం. క్వారీలో మొగుడు పోయాడు. అద్దం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పైన రెండు పావురాలు చెక్కి ఉంటాయి. ఒక పావురానికి ముక్కు లేదు."

సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ముక్కులేని పావురం ఉన్న అద్దంలో ఆమె ఆ పొద్దున్నే తల దువ్వుకుని వచ్చింది. పదో ఏట నుంచీ ప్రతి పొద్దునా అందులోనే దువ్వుకుంటోంది.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికి అవస్థపడుతోంది. చూపు మందగించింది, అయినా కుట్టు మానదు. తుడుపులమ్మ సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చి, పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, అద్దం వెనక వెయ్యమని నువ్వొక బొమ్మ ఇచ్చావట, పటాల దుకాణంలో. కొండ బొమ్మ."

తల్లి కాలు మిషను మీద ఆగింది. "ఎవరు చెప్పారే నీకు?"

"ఆ ముసలాయనే. అది నీకెక్కడిది?"

"అది మీ నాన్న పోయిన నెలకి ఒక కుర్రాడు తెచ్చి ఇచ్చాడు. ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు. ఎముకలగూడులా ఉండేవాడు, గుమ్మంలోకి కూడా రాలేదు. వచ్చినప్పట్నుంచీ వణుకుతూనే ఉన్నాడు."

"ఏమన్నాడు?"

"అక్కా, దీన్ని చింపెయ్యమన్నారు, మంచిది ఇంకోటి గీయమన్నారు. చింపలేక తెచ్చాను, దాచుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది అన్నాడు. నాకేం అర్థమవుద్ది? మొగుణ్ణి మింగిన కొండ. దాని బొమ్మ తెచ్చి దాచుకోమంటున్నాడు. తిట్టి తలుపేసుకున్నా. గుమ్మంలో పెట్టి పోయాడు. మర్నాడే ఊరొదిలి పోయాడని విన్నాను."

"ఇంకేం చెప్పలేదా అమ్మా? గుర్తు తెచ్చుకో."

తల్లి మిషను మీది గుడ్డను అరచేత్తో సాపు చేసింది. "తలుపేసే ముందు వేలితో ఏదో చూపించాడు. కొండ నెత్తిన. మీ ఆయన చెప్పింది నిజమే అక్కా, నేను పైకెళ్ళి చూశాను, బీట ఉంది, ఇదిగో గీశాను అన్నాడు. సిరాతో గీయనివ్వలేదంట, అందుకని పెన్సిలుతో గీసి పెట్టాడంట. ఆఫీసువాళ్ళు అది చూసి కూడా ముద్ర కొట్టారని ఏదో అన్నాడు. నేను చూశాను. అప్పటికే అలుక్కుపోయి మసి పూసినట్టు ఉందే గాని గీతలా లేదు. పిచ్చోడనుకున్నా."

తుడుపులమ్మ తన కుడిచేతి మూడు వేళ్ళను చూసుకుంటోంది.

పెన్సిలు గీత. నలభై ఏళ్ళు అట్టలకూ అద్దాలకూ రాసుకుని అలుక్కుపోయిన పెన్సిలు గీత. తలకిందులుగా తిప్పితే కొండ నెత్తి తనవైపు అంచుకు వస్తుంది. అంచున చెయ్యి ఆనిస్తారు. చెయ్యి ఆనిస్తే మరక పడుతుంది. మరకైతే తుడవాలి. అన్నీ సరిగ్గానే చేసింది. ఎంత సరిగ్గా చేసిందంటే, భూతద్దానికి కూడా ఆనవాలు మిగలకుండా చేసింది.

"ఆ గీత ఇంకా ఉందా దాని మీద?" అని అడిగింది తల్లి. అడిగి, మొహం కూతురి వైపు తిప్పింది. ఆ మసకకళ్ళలో కనబడ్డ ఆశను చూసి ఉండకపోతే బాగుండునని తుడుపులమ్మ చచ్చేదాకా అనుకుంది.

అబద్ధం చెప్పవచ్చు. తల్లికి చూపు ఆనదు, ఉందంటే ఉందనుకుంటుంది. కానీ ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ అబద్ధం చెప్పలేదు. బయటివాళ్ళు చెప్పింది చాలింది.

"లేదమ్మా. నేనే తుడిచేశాను."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మసి అనుకున్నావా?"

"మసే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నా" అని తల్లి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం అప్పటికే తెగి ఉంది. వట్టి సూది గుడ్డలో దిగుతూ లేస్తూ ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తూనే ఉన్నారు గాని ఆపలేదు.

మర్నాడు ఆమె పెందలాడే మ్యూజియానికి వెళ్ళి అలమారా తీసింది. సీసా అక్కడే ఉంది. చీటీ మీద తన రాతే: చేతి మరక, ఐదో రోజు. సీసాను దీపం దగ్గర పెట్టి చూసింది. అడుగున రెండు వేళ్ళ మందాన బూడిదరంగు తురుము. నాన్న చెప్పిన బీట అందులోనే ఉంది. ఒక్క రవ్వ పోలేదు, అంతా ఉంది. కాకపోతే దాన్ని తిరిగి గీతగా చెయ్యడం ఎవరి తరమూ కాదు.

తుడవకముందు తీసిన ఆ ఫొటో వెతికి చూసింది. కొండ నెత్తిన పొగలాంటిది ఉంది, మిగతా కాగితమంతా కూడా పొగలానే ఉంది.

అప్పుడు ఆమె పెన్సిలు చెక్కింది. ఆ సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ కథ చెప్పినట్టు కాదు. మెత్తటి పెన్సిలు తీసుకుంది, బొమ్మను నిటారుగా పెట్టుకుంది. మరక ఎక్కడ మొదలైందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ చిక్కబడిందో ఆమె వేళ్ళకు తెలుసు. నాలుగు నిమిషాల పని. వేలితో కొద్దిగా అలికితే నలభై ఎనిమిదేళ్ళ వయసు దానంతటదే వస్తుంది. కనిపెట్టగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు, కనిపెట్టాల్సిన పని ఆమెదే. గీస్తే అబద్ధం కూడా కాదు, ఉన్నదే కదా.

పెన్సిలు కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. నాన్న చూసింది బీట. ఆ కుర్రాడు గీసింది బీట. తను గీస్తే అది కూతురు గీసిన గీత అవుతుంది. రేపు ఎవడైనా అది తేల్చాడంటే, మేస్త్రీ ఇంట్లో తరతరాలుగా ఇదే వరస అంటారు. నిజానికే దొంగ సాక్ష్యం పుట్టించినట్టవుతుంది. ఆమె పెన్సిలు బల్ల మీద పెట్టి, అరచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కాగితం మీద కన్నీళ్ళు పడకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని మరీ ఏడ్చింది.

జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి, సీసాతో సహా మాస్టారికి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. సీసాను వెలుతురుకెత్తి చూశాడు. నిజం చెప్పాలంటే ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

"నువ్వు అబద్ధం చెప్తావని నేననుకోనమ్మా. కానీ పదిమంది ముందు పెట్టాలి నేను. పనిపుస్తకంలో నువ్వే రాశావు, చేతి మరక అని. కింద నీ సంతకం ఉంది. ఇప్పుడు కాదు, గీత అంటున్నావు. వాళ్ళేమంటారో నీకు తెలుసుగా."

తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆమె రాసిన ఏ మాటనూ ఎవరూ శంకించలేదు, ఆమె సంతకానికి అంత విలువ ఉంది. ఆ విలువే ఇప్పుడు నాన్న మెడకు చుట్టుకుంది. ఆఫీసరు మంచి పిల్ల, బొమ్మ పక్కన చీటీలో ఒక వాక్యమైనా కలుపుదామని పైవాళ్ళను అడిగింది. పెద్ద చిత్రకారుడు అన్నీ తెలిసి ఊరు విడిచి పారిపోయాడని ఆయన పేరున పెట్టిన ప్రదర్శనలోనే రాస్తారా అని వాళ్ళు నోరు మూయించారు.

ఆయన మీద తుడుపులమ్మకు కోపం రాలేదంటే నమ్మకండి. ప్రదర్శన తెరిచిన రోజున ఆమె మొదటిసారి ఆ హాలంతా తిరిగి చూసింది. ఎర్ర కొండలు, నీలి కొండలు, మంచుకొండలు. ఒక్కొక్కదాని నెత్తిన ఆ సన్నటి నల్లగీత. లోకంలో ఉన్న కొండలన్నిటికీ బీట గీశాడు మహానుభావుడు. గీయాల్సిన ఒక్క రోజున, నోరు విప్పి చెప్పాల్సిన ఒక్క చోట, వణుక్కుంటూ గుమ్మంలో కాగితం పెట్టి పోయాడు. పాపం, ఇరవై రెండేళ్ళవాడు. నాన్నకు అప్పుడు ముప్పై.

మూడోనాటికి తల్లి తనంతట తానే అడిగింది. "నన్ను తీసుకెళ్ళవే, ఒకసారి చూస్తాను." ఆ ఊళ్ళో చుట్టుదారి తప్ప ఎరగని మనిషి, బస్సెక్కి, కూతురి భుజం పట్టుకుని మ్యూజియం మెట్లెక్కింది. పొద్దున తలకు రాసుకున్న నూనె నుదుటి దాకా జారింది. మిగతా కొండల వైపు చూడలేదు. అద్దం బిగించిన ఆ చిన్న బొమ్మ దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది.

"ఎంత తెల్లగా ఉందే" అంది.

"ఊఁ."

"మీ నాన్న ఇక్కడ నిలబడుంటాడు." కింద మెట్ల దగ్గర చూపించింది. తరువాత కుడిచెయ్యి ఎత్తి నుదుటి మీది నూనె తుడుచుకుని, అదే చేతి చూపుడువేలు అద్దానికి ఆనించింది. కొండ నెత్తిన ఎడమ నుంచి కుడికి, మధ్యలో కొంచెం కిందికి వంచి, మళ్ళీ పైకి తీసుకెళ్ళి ఆపింది. "ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా చూపించాడు. ఇంతే."

వేలు తీసేసరికి అద్దం మీద జానెడు జిడ్డుగీత మిగిలింది. తుడుపులమ్మ వేళ్ళు దాన్ని గుర్తుపట్టాయి. మొదలైన చోటు అదే, వంగిన చోటూ అదే. చూపు ఆనని మనిషి, నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒక్కసారి, తలుపేసే ముందు చూసిన గీత.

హాలు కాపలా అతను చేతిలో గుడ్డతో గబగబా వచ్చాడు. "అద్దం ముట్టుకోకూడదు పెద్దమ్మా. ఒక్క నిమిషం అక్కా, జిడ్డు తుడిచేస్తాను."

తుడుపులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఉండనీ తమ్ముడూ."

అతను వింతగా చూశాడు. మ్యూజియంలో మచ్చ ఉండనిమ్మని ఆమె నోట వినడం అతనికి అదే మొదలు. "ఉంచితే నన్ను తిడతారు అక్కా. పొద్దున్నే పైవాళ్ళు వస్తారు."

"పొద్దున్న తుడుద్దువుగాని. ఇవాళ్టికి ఉండనీ."

అతను సరేనని గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ హాలు మూసే గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డారు. మర్నాడు ఆమె పనికి వచ్చేసరికి అద్దం శుభ్రంగా ఉంది.